హెలెన్ విమానం ఎక్కాల్సిన రోజు

భావనపాడు వెళ్ళే రోడ్డు పక్కన కొబ్బరి తోటల మధ్య క్రైస్తవ వీధి ఒకటుంది. ఆ వీధిలో ఎవరు హైదరాబాద్ వెళ్ళాలన్నా ముందు జ్ఞానసుందరిని అడుగుతారు. ఏ రైలు పలాసలో ఆగుతుంది, ఏ బస్సు కోటబొమ్మాళి దగ్గర హైవే మీద ఎక్కించుకుంటుంది, జనరల్ పెట్టె ఇంజను వైపు ఉంటుందా వెనక ఉంటుందా, దిగాక ఆటోవాడికి ఎంత చెప్పాలి, అన్నీ ఆమె చెబుతుంది. అడిగినవాళ్ళు టీ తాగి వెళతారు. తిరిగి వచ్చాక మళ్ళీ ఆమె అరుగు మీద కూర్చుని, నువ్వు చెప్పినట్టే ఉందని చెప్పి వెళతారు.

ఆమె ఎనిమిదేళ్ళు హైదరాబాద్‌లో ఉంది. భర్త హెన్రీ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. అతని కిడ్నీలు పాడయ్యాక ఇద్దరూ ఊరికి వచ్చేశారు. కొడుకు అనిల్ కుమార్ పలాసలో ఆటో నడుపుతాడు. తండ్రిని డయాలసిస్‌కు అదే ఆటోలో తీసుకువెళతాడు.

పక్క ఇల్లు హెన్రీ తమ్ముడు ఎబినేజర్‌ది. అతని భార్య హెలెన్ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. తెల్లవారకముందు వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేది. అందువల్ల ఆమె కూతురు షారోన్ పెద్దమ్మ దగ్గరే పెరిగింది. జడ వేసింది, బైబిల్ వాక్యాలు కంఠతా పెట్టించింది జ్ఞానసుందరి. ఇంటర్ అయ్యాక నర్సింగ్‌లో చేర్పించడానికి హైదరాబాద్ రైలు ఎక్కించింది కూడా ఆమే. చదువుకున్నన్నాళ్ళూ షారోన్ ఆ వాచ్‌మన్ గదిలోనే ఉంది. తర్వాత ఉద్యోగం వచ్చింది, తేజతో పెళ్ళయింది. ఇప్పుడు ఇద్దరూ మియాపూర్‌లో లోన్ తీసుకుని ఫ్లాట్ కొన్నారు. శనివారం పొద్దున గృహప్రతిష్ఠ. పాస్టరుగారు మూసిన తలుపు ముందు ప్రార్థన చేస్తారు. ఇంటి పెద్ద ఒకరు తాళం తీస్తారు.

ఆ తాళం తీసే చేయి హెలెన్‌దని జ్ఞానసుందరికి తెలుసు. తల్లి ఉండగా ఇంకొకరికి ఇవ్వరు. దాని మీద ఆమె పేచీ పెట్టలేదు. తలుపు తెరుచుకునేటప్పుడు తాను అక్కడ ఉండాలనుకుంది. అది కూడా ఎవరితోనూ అనలేదు. అడక్కుండానే పిలుస్తారనుకుంది.

రెండు వారాల ముందు షారోన్ ఫోన్ చేసింది. అనిల్ స్పీకర్ పెట్టి ఫోన్‌ను అరుగు మీద ఉంచాడు. హెలెన్, ఎబినేజర్ కూడా వచ్చి కూర్చున్నారు. ఎలా వస్తే సుఖంగా ఉంటుందని షారోన్ అడిగింది. ఎవరు రావాలో చెప్పలేదు.

జ్ఞానసుందరి అందరికంటే ముందు మాట్లాడింది. సాయంత్రం పలాసలో రైలు ఎక్కితే పొద్దుటికి సికింద్రాబాద్. హైవే మీద స్లీపర్ బస్సు ఎక్కితే మియాపూర్‌లోనే దిగవచ్చు, కాని నడుం పట్టేస్తుంది. ఆడవాళ్ళకు రైలే మేలు. అప్పుడు షారోన్, తేజ విమానం టికెట్లు చూస్తానంటున్నాడని చెప్పింది.

హెలెన్ ఫోన్ వైపు వంగింది. ఆమె చర్చి స్త్రీల సమాజం మీటింగులకు విశాఖపట్నం వెళ్ళి వచ్చిందే తప్ప ఆ పైన ఏ ఊరూ చూడలేదు. హెలెన్ అలా వంగడం జ్ఞానసుందరి చూసింది. చూసి, విమానం లెక్క చెప్పింది. విమానం గాల్లో ఉండేది గంటా పావు. కాని పలాస నుంచి విశాఖకు రైలు, అక్కడినుంచి విమానాశ్రయానికి ఆటో, ముందుగా వెళ్ళి రెండు గంటలు కూర్చోవడం, శంషాబాద్‌లో దిగాక మియాపూర్ దాకా ఊరంతా దాటడం. పొద్దున బయల్దేరితే చేరేసరికి దీపాలు పెడతారు. రైల్లో అయితే పోయేది రాత్రి, విమానంలో అయితే పోయేది పగలు.

ఆ లెక్కలో తప్పు లేదు. ఆమె అక్కడితో ఆపలేదు.

“గాల్లో ఏలాడ్డం మనకేటికే? నన్నెక్కమంటే నానెక్కను. ఊరికే ఇచ్చినా ఎక్కను.”

 ఫోన్‌లో షారోన్, సరే పెద్దమ్మా అంది.

టికెట్ అనిల్ ఫోన్‌కే వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం, విశాఖ నుంచి. పేరు హెలెన్‌ది. అనిల్ వేలితో తెరను కిందికి జరిపాడు, పైకి జరిపాడు. ఒక్కటే ఉంది.

ఆ వారం వీధిలో ఎవరూ జ్ఞానసుందరిని రైళ్ళ సంగతి అడగలేదు. పాల దగ్గర, బోరింగు దగ్గర హెలెన్‌నే అడిగారు. విమానంలో భోజనం పెడతారా, చెవులు మూసుకుపోతాయా, బాత్రూం ఉంటుందా అని. హెలెన్‌కు తెలియదు. అయినా చెప్పేది. పెడతారు, పోతాయి, ఉంటాది అనేది. జ్ఞానసుందరి తన అరుగు మీద కూర్చుని ఆ జవాబులన్నీ వింది. పాస్టరమ్మగారు హెలెన్‌కు కొత్త చెప్పులు కొనుక్కోమని చెప్పినప్పుడు లేచి లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైంది. హెన్రీ ఉప్పు తినకూడదు. అతను పళ్ళెం పక్కకు జరిపాడు.

గురువారం హెలెన్ సంచులు సర్దింది. జీడిపప్పు, భావనపాడులో కొన్న ఎండు నెత్తళ్ళు, వాటి వాసన పైకి రాకుండా మూడు కవర్లు. ఇంకొక సంచీ నిండా ఎండుకొబ్బరి. ఈ ఉద్దానం ఊళ్ళలో కొబ్బరి చెట్టున్న ఇంటివాళ్ళు పట్నంలో చుట్టాలింటికి కొబ్బరి లేకుండా వెళ్ళరు. కొత్త ఇల్లయితే అసలే వెళ్ళరు. హెలెన్ ఆ కాయలను నెలరోజులుగా డాబా మీద ఎండబెట్టింది.

ఎండుకొబ్బరిని విమానంలో తీసుకుపోనివ్వరు. చేతిలోనూ కాదు, కింద వేసే సంచిలోనూ కాదు. అందులో నూనె ఉంటుంది, నిప్పు అంటుకుంటుంది. ఈ సంగతి జ్ఞానసుందరికి తెలుసు. టెక్కలిలో ఉండే కళావతి టీచర్ కిందటేడు ఢిల్లీ వెళ్ళినప్పుడు ఆమె కొబ్బరి అంతా తీసేశారు. టెక్కలి చర్చిలో కలిసినప్పుడు టీచర్ ఆ సంగతి చెప్పి, మీ వీధిలో ఎవరైనా విమానం ఎక్కితే చెప్పమని కూడా అంది. మా వీధిలో విమానం ఎక్కేదెవలమ్మా అని జ్ఞానసుందరి నవ్వింది.

ఇప్పుడు ఆమె హెలెన్ ఇంటి గుమ్మంలో నిలబడి సంచులు చూసింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడు హెలెన్ తలెత్తి, విమానంలో సంచుల బరువు తూస్తారట అక్కా, నీకు తెలీదు కదా అంది. ఆ మాటలో ఎగతాళి లేదు.

జ్ఞానసుందరి నోరు మూసుకుంది.

“నీ కొబ్బరి కూడా ఇయ్యి. నా సంచీలో సోటుంది,” అంది హెలెన్.

“నాది తరవాత అంపుతాన్లే. ముందు నీది ఎల్లనీ.”

సంచీ నిండుగా ఉంది. మూతి కట్టడానికి హెలెన్‌కు ఒక్కదానికే చేతులు చాలలేదు. జ్ఞానసుందరి కూర్చుని, మూతి దగ్గరకు లాగి, నైలాన్ తాడుతో రెండు ముళ్ళు వేసింది.

దూరం వెళ్ళేవాళ్ళకు ఆ వీధిలో ప్రయాణ ప్రార్థన చేస్తారు. ఇంటి పెద్ద ఒక చేయి వెళ్ళే మనిషి తల మీద, రెండోది సామాను మీద ఉంచుతారు. పోయే మనిషినీ మోసే మూటనూ కాపాడమని అడుగుతారు. హెన్రీ మంచం మీద ఉన్నాడు కాబట్టి శుక్రవారం పొద్దున ప్రార్థన జ్ఞానసుందరి చేసింది. ఆమె చేయి కొబ్బరి సంచీ మీద ఉంది.

“ప్రేమగల తండ్రీ, నీ దాసురాలు నేల మీద నడిచింది చాలక ఆకాశమార్గం పట్టింది తండ్రీ. ఆమె కాళ్ళకు తిమ్మిరి రానియ్యకు. ఎత్తున కూర్చున్నాను గదా అని ఆమె మనసులో గర్వం రానియ్యకు. ఈ మనిషిని క్షేమంగా చేర్చు తండ్రీ.”

ఎబినేజర్ దగ్గాడు. అనిల్ కళ్ళు తెరిచి తల్లిని చూశాడు. మూట మాట రాకుండానే ఆమేన్ అన్నారు. హెలెన్ ఇవేవీ పట్టించుకోలేదు. రైలు టైం అవుతోందని ఆటో ఎక్కింది. ఇల్లు చూసుకోవడానికి తాను ఊళ్ళోనే ఉంటానన్న ఎబినేజర్ ఆమెను విమానాశ్రయం దాకా దింపి రావడానికి వెంట వెళ్ళాడు.

విమానాశ్రయంలో జరిగింది తర్వాత హెలెన్ నోటి నుంచే అందరికీ తెలిసింది. సంచులు లోపలికి పంపి ఆమె కుర్చీలో కూర్చుంది. ఆమె పేరు పిలిచారు. వెళ్ళేసరికి కొబ్బరి సంచీ బల్ల మీద ఉంది. ముళ్ళు విప్పమన్నారు. అవి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఇది వెళ్ళదమ్మా, ఇక్కడ వదిలేసి వెళ్ళు అన్నారు. కొన్నది కాదు, మా చెట్టుది అని హెలెన్ చెప్పింది. చెట్టుదైనా వెళ్ళదన్నారు. ఒక కాయ పగలగొట్టి వాసన చూడమంది. వాళ్ళు చూడలేదు.

కొబ్బరిని అక్కడ వదిలి ఉంటే ఆమెకు విమానం అందేది. సొంత చెట్టు కాయను చెత్తబుట్ట పక్కన పెట్టి రావడం ఆమెకు చేతకాలేదు. బయట భర్త ఉన్నాడు, ఇచ్చి వస్తానంది. వెళితే లోపలికి రావడం ఆలస్యమవుతుందని వాళ్ళు చెప్పారు. ఆమె సంచీ ఎత్తుకుని బయటికి వెళ్ళింది. ఎబినేజర్ రోడ్డుకు అవతల హోటల్లో భోజనం చేస్తున్నాడు. అతన్ని వెతికి పట్టుకుని, సంచీ ఇచ్చి, మళ్ళీ వరసలో నిలబడి లోపలికి చేరేసరికి ఎక్కే దారి మూసేశారు. మిగతా సంచులు తెచ్చి ఆమె ముందు పెట్టారు.

ఎబినేజర్ ఇంటికి ఫోన్ చేశాడు.

“వదినా, విమానం ఎల్లిపోనాది. కొబ్బరి ఆపేసినారు. ఇప్పుడేటి సెయ్యమంటావు?”

జ్ఞానసుందరికి ముందు సంతోషం కలిగింది. అది కాసేపు కూడా నిలవలేదు. ఆమె అప్పటికే దారులు లెక్క వేస్తోంది. సాయంత్రం విశాఖలో స్లీపర్ బస్సు ఎక్కిస్తే హెలెన్ తెల్లవారేసరికి మియాపూర్‌లో దిగుతుంది. అక్కడినుంచి ఫ్లాటు దగ్గరే. ప్రార్థన తొమ్మిదింటికి. బస్సే సరైన దారి. ఎవరు అడిగినా ఆమె ఆ మాటే చెప్పేది.

విశాఖలో బయల్దేరే బస్సు పలాస రాదు. రైలు పలాస మీదుగానే విశాఖ వెళుతుంది.

“శుక్రారం బస్సులో సోటు దొరకదు,” అంది. “రైలే. జనరల్లో ఒక్కతీ ఎక్కలేదు గదా. నాను పలాసలో ఎక్కి సీటు పట్టుకుని వత్తాను. దాన్ని టేసన్లో ఉండమను.”

అనిల్ పక్కనే ఉన్నాడు.

“బస్సులున్నాయి కదమ్మా. ఫోన్లో సూడమంటావా?”

“నువ్వు ఆటో తియ్యి.”

రేపు డయాలసిస్ ఉందని హెన్రీ మంచం మీద నుంచి గుర్తు చేశాడు. అనిల్ తీసుకెళ్తాడని ఆమె చెప్పింది. చీరలు రెండు సంచిలో పెట్టింది. అటక మీద నుంచి తన ఎండుకొబ్బరి తీసి దాని మీద సర్దింది. రైల్లో కొబ్బరికి అడ్డు లేదు. దారిలో షారోన్‌కు ఫోన్ చేయించి, సికింద్రాబాద్‌లో దిగుతామని చెప్పింది.

పలాసలో జనరల్ పెట్టె ఆమె చెప్పే చోటే ఆగింది. కిటికీ పక్కన కూర్చుని, పక్కన తువ్వాలు పరిచింది. శ్రీకాకుళం రోడ్‌లో ఒకరు, విజయనగరంలో ఇద్దరు ఆ తువ్వాలు తీయమన్నారు. మనిషి ఉందని చెప్పి తీయనివ్వలేదు. విశాఖలో ఎబినేజర్ సంచులు కిటికీలోంచి అందించాడు. కొబ్బరి సంచీ అందించలేదు. దాన్ని ఇంటికి తీసుకుపొమ్మని హెలెన్ చెప్పిందట. హెలెన్ జనంలోంచి తోసుకుని వచ్చి తువ్వాలు మీద కూర్చుంది. ఆమె కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి.

రైలు కదిలింది. దువ్వాడ స్టేషన్ దాటాక హెలెన్ కొత్త చెప్పులు విడిచి సీటు కిందికి తోసింది. తర్వాత, సాయంత్రం కళావతి టీచర్‌కు ఫోన్ చేశానని చెప్పింది. టికెట్ డబ్బు తిరిగి వస్తుందేమో అడగడానికి. టీచర్ ముందు కొబ్బరి సంగతే అడిగింది.

“మీ అక్కతో సెప్పినాను కదా అన్నాది.”

జ్ఞానసుందరి కిటికీలోంచి బయటికి చూసింది.

“నీకు తెలుసా, తెలీదా? అదొక్కటే సెప్పు.”

“తెలుసు.”

“సంచీ మూతి నువ్వే కట్టినావు.”

“కట్టినాను.”

ఎదురుగా కూర్చున్న ముసలాయన వీళ్ళిద్దరినీ చూసి తల తిప్పుకున్నాడు. హెలెన్ గొంతు పెంచలేదు.

“ఫేట్రీ నుంచి వచ్చీసరికి నా గుంట నీ పక్కలో తొంగునేది. గుమ్మంలో నిలబడి సూసి ఎల్లిపోయేదాన్ని. లేపితే నీకోసం ఏడిసేది. నిన్ను నానెప్పుడైనా ఒక్క మాటన్నానా? దానింటికి ఒక్కపాలి నీకన్నా ముందెల్దామనుకున్నాను. అంతేనక్కా.”

 జ్ఞానసుందరి సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చింది. హెలెన్ తీసుకోలేదు. కొంగు తల మీదుగా కప్పుకుని అటు తిరిగి కూర్చుంది. ఆ సీటులో ఇద్దరికీ చోటు చాలదు. అయినా ఇద్దరి భుజాలూ తగలలేదు.

ఆ రైలు ఇప్పుడు సికింద్రాబాద్ వెళ్ళదు. చర్లపల్లిలో ఆగిపోతుంది. జ్ఞానసుందరి హైదరాబాద్ వదిలి ఊరికి వచ్చేశాక అది మారింది. అందరూ దిగుతుంటే ఇంకా స్టేషన్ రాలేదు కూర్చోమని జ్ఞానసుందరి హెలెన్‌తో అంది. పెట్టె ఖాళీ అయ్యాక ఊడ్చే మనిషి వచ్చి చెబితే తెలిసింది. తేజ సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. ఫోన్‌లో మాట్లాడుకుని, ఆటో పట్టుకుని, ఊరికి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళారు. ఆటోవాడు అడిగినంత ఇచ్చారు. జ్ఞానసుందరి బేరం చేయలేదు.

మియాపూర్ చేరేసరికి పదిన్నర. పాస్టరుగారికి ఇంకొక చోట పెళ్ళి ఉంది. ఆయన అరగంట చూశారు. తర్వాత తేజ తల్లి చేత తాళం తీయించి, ప్రార్థన ముగించి వెళ్ళిపోయారు. తోడికోడళ్ళు మెట్లెక్కేసరికి తలుపు తెరిచి ఉంది. గుమ్మానికి కట్టిన రిబ్బను ముక్కలు నేల మీద ఉన్నాయి. లోపల పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు.

షారోన్ వచ్చి తల్లిని పట్టుకుంది, తర్వాత పెద్దమ్మను. రాత్రంతా షారోన్ నిద్రపోలేదు. ఇద్దరికీ భోజనం పెట్టి ఎదురుగా కూర్చుని, బస్సెందుకు ఎక్కలేదని అడిగింది. తేజ నిన్న సాయంత్రం చూశాడట. సీట్లున్నాయట. ఎక్కి ఉంటే తెల్లవారకుండానే ఇక్కడ దిగేవారు.

జ్ఞానసుందరి అన్నం కలుపుతూ ఆగింది.

“నాకేటి తెలుసే,” అంది హెలెన్. “అక్క రైలన్నాది. ఎక్కినాను.”

మరి ఆ కొబ్బరి ఎందుకు తెచ్చావమ్మా, ఎవరినైనా అడగకూడదా అంది షారోన్.

హెలెన్ జ్ఞానసుందరి వైపు చూడలేదు. పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది.

“నాకెవలూ సెప్పనేదు.”

అంతే చెప్పింది. ఇంకేమైనా చెబుతుందని జ్ఞానసుందరి ఎదురుచూసింది. హెలెన్ చారు పోయించుకుంది.

షారోన్ పెద్దమ్మ చేతి మీద చేయి వేసింది. మొదట రెండు టికెట్లే చూశానని చెప్పింది. ఊరికే ఇచ్చినా ఎక్కనని ఫోన్‌లో అనేసరికి, భయమేమో, బలవంతం చేయకూడదని ఒకటే తీసింది.

“నువ్వు వత్తావనే అనుకున్నాను పెద్దమ్మా. రైల్లో వత్తావు కాబోలనుకున్నాను. ఆ తరవాత నువ్వు ఫోన్ చెయ్యనేదు. పెదనాన్నకి బాగోలేదేమో అనుకున్నాను.”

జ్ఞానసుందరి చేయి కడుక్కోవడానికి లేచింది. వంటగదిలో తన కొబ్బరి సంచీ గోడకు ఆనించి ఉంది. దాని గురించి ఇంకా ఎవరూ అడగలేదు.

సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక షారోన్ ఫోన్ తీసింది. ఈసారి ఎలా వెళతారని అడగలేదు. సోమవారం విమానానికి ఇద్దరికీ టికెట్లు తీస్తున్నానంది. తెర మీద సీట్లు కనిపించాయి. ఇది కిటికీ, ఇది దాని పక్కది అని వేలితో చూపించింది. అమ్మా, కిటికీ పక్కన కూర్చుంటావా అని అడిగింది.

“కిటికీ అక్కకియ్యి,” అంది హెలెన్. “సముద్రం కనిపిత్తాదట. సూత్తాది.”

“మరి నీకు? ఈ పక్కది నొక్కనా?”

“ఒద్దు. నాకు ఎనక్కి ఎక్కడైనా పర్నేదు.”

పక్కన ఖాళీ ఉంది కదమ్మా అంది షారోన్. హెలెన్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. షారోన్ పెద్దమ్మ వైపు చూసింది. జ్ఞానసుందరి తెర మీద ఆ రెండు గడులనే చూస్తోంది.

“అదెలాగంటే అలాగే సెయ్యి,” అంది.

షారోన్ ఒకటి ముందు వరసలో, ఒకటి చివరి వరసలో నొక్కింది.